మంజీరపై ఒక ప్రభాతం

రాత్రి షిఫ్టు ముగించుకొని, తెల్లవారకముందే ఆ యువకుడు భానూరు నుండి మంజీర తీరానికి చేరుకొన్నాడు. నక్కవాగు కలిసే చోటికి ఎగువన వృద్ధుడైన జాలరి పుట్టి సిద్ధం చేశాడు. ఉత్తర ధ్రువ ప్రాంతపు ఇన్యూట్ జనులు సీలు చర్మంతో కయాక్‌ను నిర్మించుకొన్నట్లే, మన జాలరులు వెదురుబద్దలతో పుట్టిని అల్లుకొన్నారు.

పుట్టి మెల్లగా సాగింది. తెడ్డు నుండి జారే బిందువుల సవ్వడి తప్ప మరొక శబ్దం లేదు. మంజీరమనగా కాలి అందె. ఆ పేరు సార్థకమని అతనికి తోచింది.

"తాతా! ఇక్కడి నీరు మంచిదేనా?"

"ఈడ మంచిదే బిడ్డా. నక్కవాగు కలిసినంక పసులు గూడ ముట్టని దినాలు చూసిన."

యువకుడు మౌనం వహించాడు. పటాన్‌చెరు పారిశ్రామికవాడల వ్యర్థజలాలు ఏళ్ల తరబడి ఆ వాగులోనే చేరాయి. 1990లో ఆ గోడు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

సూర్యోదయమైంది. దోసిట నీరు తీసికొన్న అతనికి, రాత్రివేళ తాను విప్పే వాల్వు గుర్తుకు వచ్చింది. తన ఇంటికి అన్నం పెట్టేది ఆ పనియే. అయినను, ఆ వాల్వు గుండా పోయే నీరు ఎక్కడికి చేరుతున్నదో ఈ రాత్రియే అడిగి తెలిసికోవాలని అతడు నిశ్చయించుకొన్నాడు.