చెక్క పేరు ఆఖరి ప్రశ్న

గిటార్ వీపు చెక్కకి నేనొక పేరు పెట్టి, ఆ పేరు మీద ఒక పెద్దాయన దగ్గర డబ్బు తీసుకున్నాను. మోసం చెయ్యాలని కాదు, నేనూ నమ్మాను. కాకపోతే అలా నమ్మడానికి నా దగ్గరున్న ఆధారాలేమిటో ఒక కాగితం మీద రాసుకుని ఉంటే, ఆ పేరు నా నోటి వెంట వచ్చేదే కాదు. పాత గిటార్ల మోజు మనవాళ్ళలోనూ కనిపిస్తోంది కనక, నేనెక్కడ జారానో చెప్పుకుంటే ఒకరికైనా పనికొస్తుంది.

మేముండేది న్యూజెర్సీలో. ఇక్కడ ఇంటిపెద్ద పోయాక సామానంతా ఇంట్లోనే పరిచి అమ్మేస్తుంటారు, దాన్ని ఎస్టేట్ సేల్ అంటారు. అలాంటి ఒక ఇంట్లో నాకు ఆ గిటార్ దొరికింది. రూపం చూస్తే 1970ల నాటిది. లోపలి లేబుల్ సగం చిరిగిపోయింది, మిగిలిన ముక్క మీద జపాన్ అన్న మాట ఉంది గానీ కంపెనీ పేరు లేదు. వెనక్కి తిప్పాను. ముదురు గోధుమరంగు, అందులో ఊదా జీర, దాని మీద మెలికలు తిరిగిన నల్లగీతలు. అమ్మేవాళ్ళకి అదొక పాత గిటార్, అంతే. చెప్పిన ధరకి బేరం కూడా ఆడకుండా కొనేశాను.

ఆ నల్లగీతలు చూస్తే నాకెందుకంత తొందర పుట్టిందో చెప్పాలి. బ్రెజిల్ తూర్పు తీరపు అడవుల్లో పెరిగే ఒక రోజ్‌వుడ్ ఉంది, శాస్త్రనామం డాల్బెర్జియా నైగ్రా. 1833లో మొదలైన మార్టిన్ కంపెనీ తన మంచి గిటార్ల వీపుకీ పక్కలకీ చాలాకాలం దాన్నే వాడింది. 1960ల చివర్లో బ్రెజిల్ దుంగల ఎగుమతిని కట్టడి చేసేసరికి, 1969లో మార్టిన్ ఇండియన్ రోజ్‌వుడ్‌కి మారింది. అంటే మన జిట్రేగి. కొన్నిచోట్ల ఇరుగుడు అంటారు. మన పాత ఇళ్ళలో మంచాలకీ, బీరువాలకీ ఎంచి కొన్న కలప అది. తర్వాత 1992లో బ్రెజిల్ రోజ్‌వుడ్‌ని, అంతరించిపోయే జీవజాతుల వ్యాపారాన్ని దేశాల మధ్య కట్టడి చేసే సైటీస్ ఒప్పందం మొదటి జాబితాలో చేర్చారు. ఏనుగు దంతానికి ఎలాంటి ఆంక్షలున్నాయో దీనికీ దాదాపు అలాంటివే. దొరకనిదానికి విలువెక్కువ కదా. అదే మోడల్, అటూఇటూగా అదే కాలం గిటార్ అయినా, బ్రెజిల్ చెక్క అయితే ధర రెట్టింపు దాటిపోతుంది. నాకు వీపు మీద కనిపించింది చెక్క కాదు, ఆ ధర.

ఇంటికొచ్చి పరీక్షలు మొదలుపెట్టాను. పరీక్షలని నేననుకున్నాను గానీ, నిజానికి ముందే రాసేసిన తీర్పుకి సాక్షుల్ని పోగుచేస్తున్నాను.

మొదటి సాక్షి రంగు. యాభై ఏళ్ళ పాలిష్ దానంతటదే పసుపెక్కి, తేనెరంగుకి తిరుగుతుంది. వెలుతురు తగిలితే కొన్ని చెక్కలు ముదురుతాయి, కొన్ని వెలిసిపోతాయి. ఫ్యాక్టరీలో పాలిష్‌లోనే రంగు కలిపి కొట్టడం మామూలు పని. మెలికల గీతలు బ్రెజిల్ చెక్కలో ఎక్కువగా కనిపించే మాట నిజమే. కానీ ఆ పోలికున్న గీతలు వేరే దేశాల రోజ్‌వుడ్‌లలోనూ ఉంటాయి. బ్రెజిల్ చెక్కలోనే అసలు మెలికల్లేకుండా నిలువు చారలతో ఉన్న పలకలూ బోలెడు. ఇవన్నీ నాకు అప్పటికే తెలుసు. తెలిసి కూడా పక్కన పెట్టాను.

రెండో సాక్షి దూది. రంగు పైపైనదా, చెక్కదేనా తేల్చుకుందామని నెక్ మొదలు దగ్గర దూదితో ఎసిటోన్ అద్దాను. దూదికి గోధుమరంగు అంటింది. రోజ్‌వుడ్ చేవలో ఉండే రంగుపదార్థాలు ఎసిటోన్‌లో కరుగుతాయని ఎక్కడో చదివి ఉన్నాను. అదిగో, చెక్కే రంగు కక్కుతోందనుకున్నాను. రంగు కలిపిన పాలిష్ మీద రుద్దినా అదే రంగు అంటుతుందన్న ఆలోచనే రాలేదు. ఒకే దూది రెండు కథలకీ సరిపోయింది, నేను నాకిష్టమైన కథ తీసుకున్నాను. దూది తీసేసరికి పాలిష్ మెత్తబడి అక్కడ రూపాయి బిళ్ళంత మేర మెరుపు పోయింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. పాత గిటార్ పాలిష్‌కి తగిలిన ప్రతి దెబ్బా దాని విలువలోంచి కొంత కోసేస్తుంది. అంటే విలువ తేల్చుకోవాలన్న ఆత్రంలో విలువనే పోగొట్టాను.

మూడో సాక్షి వాసన. సౌండ్ హోల్ దగ్గర ముక్కు పెట్టాను, తియ్యటి వాసన. రోజ్‌వుడ్ వాసన అసలు తెలిసేది కొత్తగా కోసినప్పుడో, గీకినప్పుడో. మూసిన పెట్టెలో ఏళ్ళ తరబడి పడుకున్న గిటార్‌కి ఆ పెట్టె వాసనే వస్తుంది.

నాలుగోది చప్పుడు. వీపు మీద వేలి కణుపుతో కొట్టి, గంటలా మోగుతోందని మా ఆవిడని పిలిచి మరీ వినిపించాను. వీపు చెక్కకీ నాదానికీ ఉందనుకునే సంబంధం గురించి తర్వాత తెలిసిన సంగతి ఒకటి ఇక్కడే చెబుతాను. ఇంగ్లండ్‌లోని లాంకాస్టర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒకే తీరున తయారైన ఆరు గిటార్లు తీసుకున్నారు. వీపూ పక్కలూ మాత్రం దేనికది వేరు కలప: బ్రెజిల్ రోజ్‌వుడ్, ఇండియన్ రోజ్‌వుడ్, మహాగని, మేపుల్, సపేలె, వాల్‌నట్. మసక వెలుతురులో, వెల్డింగ్ కళ్ళద్దాలు పెట్టించి 52 మంది గిటారిస్టుల చేత వాయించారు. ఆరింటికీ వాళ్ళిచ్చిన మార్కుల్లో పెద్ద తేడాయే లేదు. ఆ ఫలితం 2018లో అచ్చయింది. అంతకు చాలా ముందే, 1862లో, స్పెయిన్‌లో టోరెస్ అనే నిపుణుడు వీపూ పక్కలూ కాగితపు అట్టతో చేసి గిటార్ మోగించాడు. నాదంలో ఎక్కువ పాలు ముందు చెక్కదీ, దాని కింద అతికించే పట్టీలదీ అని చూపించడానికే ఆ పని చేశాడంటారు. నా వేలి కణుపు ఏం వినిపించిందో ఇక మీరే ఊహించుకోండి.

ఇలా నలుగురు సాక్షులూ నా పక్షమే అయ్యాక, తెలుగు చర్చిలో పాటలకి గిటార్ పట్టే గుంటూరు అన్నయ్యకి ఆ గిటార్ చూపించాను. ఆయనకి నా మాట మీద గురి. ‘బ్రెజిలియన్ అన్నయ్యా, బయట ఈ ధరకి దొరకదు’ అన్నాను. అందులో రెండో సగం నిజం. నేను కొన్నదానికి ఎన్నో రెట్లు తీసుకుని, తక్కువకే ఇచ్చానన్న తృప్తితో ఇంటికొచ్చాను.

నా పరీక్షలన్నీ కూలింది ఆయన వేసిన ఒక్క ప్రశ్నతో. గిటార్ గుంటూరు తీసుకెళ్ళి తమ్ముడి కొడుక్కివ్వాలని ఆయన కోరిక. బ్రెజిల్ రోజ్‌వుడ్ అయితే దేశం దాటించడానికి అమెరికా ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్ నుంచి పత్రం కావాలి. అదే ఇండియన్ రోజ్‌వుడ్ అయితే ఆ బాధ లేదు, తయారైన వాద్యాలకి 2019లో మినహాయింపు ఇచ్చారు. నేను చెప్పిన మాట పట్టుకుని ఆయన బుద్ధిగా ఫారం ముందేసుకుని ఫోన్ చేశాడు.

‘తమ్ముడూ, ఇక్కడ చెక్క శాస్త్రనామం రాయమంటున్నారు. నువ్వు చెప్పిందే రాసి సంతకం పెట్టేస్తున్నా. పర్లేదుగా?’

బేరం ఆడేటప్పుడు తడుముకోకుండా వచ్చిన పేరు, సంతకం అనేసరికి గొంతులోనే ఆగిపోయింది. ‘ఒక్క వారం ఆగన్నయ్యా’ అన్నాను.

పెన్సిల్వేనియాలో గిటార్లు బాగుచేసే ఒక ముసలాయన దగ్గరికి పట్టుకెళ్ళాను. ఆయన రంగు చూడలేదు, వాసన చూడలేదు. ‘అసలు ఇది ఒకే పలకా, ప్లైవుడ్డా?’ అన్నాడు. ఆ ప్రశ్న నాకెప్పుడూ తట్టనే లేదు. ముందు చెక్క సౌండ్ హోల్ అంచు దగ్గర లెన్స్ పెట్టాడు. స్ప్రూస్ సన్నగీతలు పైనుంచి అంచు మీదుగా కిందికి తెగకుండా దిగాయి. అది ఒకే పలక, మంచిదే. ఇక వీపు. మెలికల్లో కొక్కెంలా వంగిన ఒక నల్లగీత ఉంది, నేను అందరికీ గొప్పగా చూపించేది. దాని మీద గుడ్డ వేసి చిన్న అయస్కాంతం పెట్టాడు. ఇంకో అయస్కాంతాన్ని సౌండ్ హోల్‌లోంచి లోపలికి వదిలి గిటార్‌ని అటూ ఇటూ ఒంచాడు. టక్కున రెండూ చెక్కకి చెరోవైపు అతుక్కున్నాయి. లోపలికి దీపం, పళ్ళ డాక్టర్లు వాడే అద్దం దింపి, చూడమన్నాడు.

అయస్కాంతం చుట్టూ ఉన్నది లేత గోధుమరంగు చెక్క. చారలు తిన్నగా ఉన్నాయి. కొక్కెం లేదు, నల్లగీత అన్నదే లేదు.

తర్వాత అడుగున పట్టీ తగిలించే ఎండ్ పిన్ లాగి, ఆ కన్నంలో లెన్స్ పెట్టించాడు. పక్క చెక్క మందం అక్కడ కోసినట్టు కనిపిస్తుంది. పైన కాగితమంత నల్లటి పొర, దాని కింద లేత రంగు పొర, ఆ కింద మరొకటి. నేనిన్నాళ్ళూ బూరె తోపు చూసి పూర్ణం రుచి చెబుతున్నానన్నమాట.

‘పై పొర రోజ్‌వుడ్ జాతే. ఏ దేశందో మాత్రం నన్నడక్కు’ అన్నాడు ముసలాయన. ఎందుకంటే జాతిలో ఏ రకమో తేల్చాలంటే అడ్డంగా కోసిన ముక్క కావాలి. చెట్టు నీరు పీల్చిన నాళాలు అందులో సూదిమొనంత రంధ్రాలుగా కనిపిస్తాయి, వాటి పరిమాణం, అమరిక, మధ్య ఉండే సన్నటి లేతగీతలు చూడాలి. అవన్నీ చూసినా చాలాసార్లు డాల్బెర్జియా అన్న ప్రజాతి దాకానే వెళ్ళగలరు. ఆపైన రసాయన పరీక్షే దిక్కు. అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రం ఆష్‌లాండ్‌లో ఉన్న వన్యప్రాణి ఫోరెన్సిక్ లాబ్‌లో మాస్ స్పెక్ట్రోమెట్రీతో కలప రకాలు పోలుస్తారు. మనకైతే బెంగళూరులో ఐడబ్ల్యూఎస్‌టీ, డెహ్రాడూన్‌లో ఎఫ్‌ఆర్‌ఐ కలప గుర్తించే సంస్థలు. అంతంత చదువుకున్నవాళ్ళు ముక్క చేతికిస్తేగానీ చెప్పని మాట, నేను దూదితో చెప్పేశాను.

పొర ఎంత పల్చనైనా అది నైగ్రా అయితే చట్టం వర్తిస్తుంది. కాదని చెప్పగల ఆధారమూ లేదు. కాబట్టి గిటార్ గుంటూరు వెళ్ళలేదు. ఉన్నది ఉన్నట్టు అన్నయ్యకి చెప్పి, మొత్తం డబ్బు తిరిగిచ్చేస్తానన్నాను. ఆయన కాసేపు గిటార్ మీటి, ‘బాగానే పలుకుతోంది, ఉండనీ. ఆదివారం పాటలకి చెక్క పేరుతో పనిలేదు. పేరుకి నేనిచ్చిన డబ్బు మాత్రం ఇచ్చెయ్యి తమ్ముడూ’ అన్నాడు. ఇచ్చేశాను. మన జిట్రేగే అయ్యుండొచ్చంటే ఆయన సంతోషపడ్డాడు కూడా. జిట్రేగి అయితే తక్కువదన్న లెక్క ఆయనకి లేదు, నాకే ఉంది.

అప్పట్నుంచి పాత గిటార్ చేతికొస్తే ప్రశ్నల వరస మార్చుకున్నాను. మొదట పలకా, ప్లైవుడ్డా. బయటి గీత లోపల అదే చోట ఉందో లేదో చూస్తే సగం సందేహం తీరుతుంది. తర్వాత ఎప్పటిది, ఏ ధర తరగతిది. ఆ ఏళ్ళలో ఆ తయారీదారు ఏ కలప వాడాడో పాత కేటలాగుల్లో ఉంటుంది. మూడోది, పాలిష్ లేని చోటు. చాలా గిటార్లకి లోపల పాలిష్ వెయ్యరు, అసలు రంగు తెలిసేది అక్కడే. బయట మాత్రం ఏ ద్రావకమూ తాకించకూడదు. నాలుగోది, అడ్డకోత ఎక్కడైనా బయటపడి ఉందా అని. మహాగని అని చెప్పి ఆఫ్రికా ఖాయా చూపిస్తే, పది రెట్ల లెన్స్‌లో తేడా కొంత తెలుస్తుంది. అమెరికా మహాగనిలో పెరుగుదల వలయాల హద్దున సన్నటి లేతగీత ఉంటుంది, ఖాయాలో మామూలుగా ఉండదు. పేరు ఆఖరున. అదీ ఆధారం ఎంతవరకు తీసుకెళితే అంతవరకే. ‘రోజ్‌వుడ్ పొర, రకం తేలలేదు’ అని రాస్తే ధర పడిపోతుంది. పడిపోనీ, అది నిజమైన ధర.

ఈమధ్య ఒకాయన గిటార్ వీపు ఫోటో పంపి, ‘బ్రెజిలియనే కదండీ?’ అని అడిగాడు. వీపు ఫోటో వద్దు, ఎండ్ పిన్ లాగి ఆ కన్నం ఫోటో పంపమన్నాను. ఇంకా పంపలేదు.