చుక్క చూసే పని

1996లో మా అమ్మాయి ఒకటో తరగతి. అబ్బాయికి మూడేళ్లు. ఊరి పేరు ప్రభుత్వ కాగితాల్లో రాజమహేంద్రవరంగా మారింది 2015లో. ఆ 1996లో అందరి నోటా రాజమండ్రే. ఇన్నీసుపేటలో ఒక పాత పెంకుటింటి వెనక వాటాలో ఉండేవాళ్లం. రెండు గదులు, వంటిల్లు, పెరట్లో నుయ్యి, నూతి పక్కన పెద్ద వేపచెట్టు. మా వారు బ్యాంకులో గుమాస్తా. మా అత్తగారిది అంబాజీపేట దగ్గరి పల్లె. కొబ్బరితోట చూసుకుంటూ ఎప్పుడూ అక్కడే ఉండే మనిషి, ఆ ఏడు దసరాకి వచ్చి, కార్తీకం వెళ్లేదాకా గోదావరి స్నానాలకని మా దగ్గర ఉండిపోయారు. పిల్లలకు ఆవిడ మామ్మ.

మామ్మకి ఒక పట్టుదల ఉండేది. పండగ ఏదైనా పిల్లల చేతిలో ఒక పని ఉండాలి. "పెద్దాళ్ల పనిలోంచే చిటికెడు తీసి వాళ్లకివ్వాలమ్మాయ్. ఊరికే కూర్చోబెట్టడానికి పని కల్పించి ఇస్తే, అది ఉత్తుత్తిదని వాళ్లకి తెలిసిపోతుంది," అనేవారు. ఆ శరత్తులో ఆ మాట ఎంత నిజమో కళ్లారా చూశాను.

భాద్రపదం దాటేసరికి గోదావరిలో ఎర్రనీరు తగ్గుతుంది. ఆషాఢం నుంచీ సుళ్లు తిరుగుతూ పోయిన నది నెమ్మదిస్తుంది, నీరు తేటపడుతుంది, లంకల అంచున రెల్లు పూస్తుంది. సాయంత్రం బడి నుంచి వచ్చాక పిల్లలిద్దర్నీ పుష్కరాల రేవుకి తీసుకెళ్లేదాన్ని. అప్పటికింకా హేవలాక్ వంతెన మీద రైళ్లు నడుస్తున్నాయి. 1900లో రాకపోకలు మొదలైన ఆ వంతెనకి అవి ఆఖరి నెలలు. మరుసటి ఏడు దాని మీద రైళ్లు ఆపేశారు. దాని బదులు కట్టిన కొత్త వంతెన కమాన్లు అప్పటికే నీళ్ల మీద కనిపిస్తున్నాయి. పాత వంతెనకి 56 ఖానాలు. మా అమ్మాయికి అంకెలు బడిలో చెప్పారు గాని, నిలిచింది మాత్రం ఆ రేవు మెట్ల మీదే. రైలు ఒక్కో ఖానా దాటుతుంటే వేలు చూపిస్తూ లెక్కపెట్టేది. కొవ్వూరు వైపు పోయేకొద్దీ ఖానాలు కంటికి ఆనేవి కావు, లెక్క తప్పేది. మళ్లీ రైలు వచ్చేదాకా కదిలేది కాదు. తమ్ముడికి లెక్కతో పనిలేదు. కూత వినపడగానే లేచి నిలబడి, రైల్లో ఉన్న వాళ్లందరికీ చెయ్యి ఊపేవాడు.

దసరాకి ఇంట్లో చిన్న బొమ్మల కొలువు పెట్టాం. ఏటికొప్పాక లక్కపిడతలు, కొండపల్లి బొమ్మలు, మామ్మ పెట్టెలోంచి తీసిన రంగు వెలిసిన మట్టి బొమ్మలు. అట్టడుగు మెట్టు పూర్తిగా అమ్మాయిది. ఏ బొమ్మ ఎక్కడ కూర్చోవాలో తనిష్టం, ఎవరూ సర్దడానికి లేదు. అబ్బాయికి పంట పని ఇచ్చారు మామ్మ. కొలువు ముందు పళ్లెంలో మట్టి పోసి ఆవాలు చల్లి, పొద్దున్నే పుడిసెడు నీళ్లు చిలకరించమన్నారు. మొలకలు వచ్చిన రోజున పేరంటానికి వచ్చిన ప్రతి ఒక్కరినీ చెయ్యిపట్టుకుని లాక్కెళ్లి "నా చేను" అని చూపించాడు. రాత్రి దేవీచౌక్ దీపాలు చూడ్డానికి వెళ్తే, ఆ జనంలో, ఆ మైకుల హోరులో వాళ్ల నాన్న భుజం మీదే నిద్రపోయాడు.

ఆ రోజుల్లోనే మన్యం నుంచి సీతాఫలాల గంపలు వీధిలోకి వచ్చేవి. కాయలు కొని బియ్యం డబ్బాలో పెట్టేవాళ్లం. ఏది మెత్తబడిందో పొద్దున్నే చూసి చెప్పడం అమ్మాయి వంతు. గట్టిగా నొక్కితే కాయ పాడవుతుందని, బొటనవేలు ఆనించి తెలుసుకోవాలని మామ్మ ఒక్కసారి చూపించారు. తర్వాత ఆ డబ్బా మూత మేమెవరం తియ్యలేదు.

అట్లతద్ది ముందురోజు రాత్రి రోట్లో గోరింటాకు రుబ్బాను. అబ్బాయి కూడా పట్టుబట్టి రెండు అరచేతుల్లో చందమామలు పెట్టించుకుని, పిడికిళ్లు విప్పకుండా పడుకున్నాడు. తెల్లవారుజామున మామ్మ లేపి, ఉట్టి కింద కూర్చోబెట్టి, గోంగూర పచ్చడి, పెరుగన్నం కలిపి ముద్దలు పెట్టారు. నిద్రమత్తులోనే మింగి, వీధిలోకి పరుగెత్తారు. చీకట్లో ఆ వీధి పిల్లలందరూ దాగుడుమూతలు ఆడుతుంటే పెద్దవాళ్లం అరుగుల మీద కూర్చుని కాపలా కాశాం. తెల్లారాక వేపచెట్టు కొమ్మకు మోకుతాడు వేసి ఉయ్యాల కట్టారు మా వారు. సాయంత్రం చంద్రుడు వచ్చేదాకా ఆ ఉయ్యాల ఖాళీగా లేదు.

వారం తిరిగింది. నవంబరు 6, బుధవారం. పొద్దుటి నుంచీ ముసురు, మధ్యాహ్నానికే బడి వదిలేశారు. చీకటి పడ్డాక గాలి హోరు మొదలైంది. కరెంటు పోయింది. పెంకులు ఒక్కొక్కటే లేచి పెరట్లో పడి పగులుతున్న చప్పుడు. తర్వాత నడింట్లో, వంటింట్లో, మంచం మీద, ఎక్కడపడితే అక్కడ కారడం మొదలైంది. అబ్బాయి భయపడి ఏడుపు లంకించుకున్నాడు. మామ్మ వాడిని ఒళ్లోకి తీసుకోలేదు. వంటింట్లోంచి గిన్నెలన్నీ తెచ్చి కారే చోటల్లా పెట్టి, "నాన్నా, ఏ గిన్నె నిండితే అది చెప్పాలి నువ్వు. చెప్పకపోతే ఇల్లు మడుగైపోతుంది," అన్నారు. అమ్మాయి చేతికి అగ్గిపెట్టె ఇచ్చి, పరికిణీలో చుట్టి తడవకుండా పట్టుకోమన్నారు. లాంతరు ఆరినప్పుడల్లా అందరం ఆ పిల్ల వైపే చెయ్యి చాపాం. "నిండింది, నిండింది" అని వాడు అరవడం, నేను పరుగెత్తి పారబోయడం. వాడి ఏడుపు ఎప్పుడాగిందో నేను గమనించనే లేదు.

తెల్లారి చూస్తే ఉయ్యాల కట్టిన కొమ్మ విరిగి నూతి గట్టు మీద పడి ఉంది. పాలవాడు రాలేదు. ట్రాన్సిస్టర్లో వార్తలు వింటూ మామ్మ గోడకు ఆనుకుని కూర్చుండిపోయారు. తుపాను కాకినాడకు దిగువన తీరం దాటిందని, కోనసీమ దెబ్బతిందని చెబుతున్నారు. ఫోన్లు లేవు. దారులు తెరుచుకోగానే మా వారు బయల్దేరారు. రావులపాలెం దాటాక రోడ్డు మీద కొబ్బరిచెట్లు నరికి పక్కకు తోస్తుంటే, కొంత బస్సులో, కొంత నడిచి ఊరు చేరారట. తిరిగొచ్చి ముందు చెప్పింది ఒకటే: "మనవాళ్లందరూ ఉన్నారమ్మా." తర్వాత తోట సంగతి చెప్పారు. నిలబడ్డ చెట్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మామ్మ తోట గురించి మాట్లాడలేదు. "సముద్రం మీదికెళ్లినోళ్లు వచ్చారా?" అని అడిగారు. రాలేదు. భైరవపాలెం, బలుసుతిప్ప లాంటి బెస్తపల్లెల నుంచి వేటకి వెళ్లినవాళ్లు ఎందరో తిరిగి రాలేదు. ఆ తుపానులో పోయిన ప్రాణాలు వెయ్యికి పైనే. నేలకూలిన కొబ్బరిచెట్లు లక్షల్లో.

మా వీధివాళ్లం కోనసీమకి పంపడానికి పులిహోర కలిపి పొట్లాలు కట్టాం. విస్తరాకులు తుడిచి అందించడం పిల్లల పని. మా అమ్మాయి ఒక పొట్లం పట్టుకుని, "ఇది ఎవరు తింటారమ్మా?" అని అడిగింది. తెలియదన్నాను. "మరి కారం ఎక్కువుంటే?" అంది. పెద్దవాళ్లం ఎవరం ఆలోచించలేదు, అక్కడా చిన్నపిల్లలుంటారు. మిగిలిన అన్నంలో పెరుగు కలిపి వేరే పొట్లాలు కట్టాం.

నవంబరు 10, ఆదివారం, దీపావళి. ఇంట్లో కూరి ఎండబెట్టిన మతాబా గొట్టాలు, చిచ్చుబుడ్లు తుపాను రాత్రి తడిసి ముద్దయ్యాయి. కొత్తవి కొనడానికి ఎవరికీ మనసొప్పలేదు. పిల్లలతో ఎలా చెప్పాలా అని నేను తటపటాయిస్తుంటే మామ్మ పాత పంచె ఒకటి తెచ్చి చింపి, వత్తులు పేనడం వాళ్లకి నేర్పారు. ఆ వత్తుల్ని నువ్వులనూనెలో తడిపి గోగుకాడలకు కట్టారు. చీకటిపడ్డాక పిల్లలిద్దరూ గుమ్మం ముందు ఆ దివిటీలు నేలకేసి కొట్టి, వెనక్కి తిరిగి చూడకుండా లోపలికొచ్చి, కాళ్లు కడుక్కుని, పుక్కిలించి, మిఠాయి తిన్నారు. టపాకాయలు లేవని అబ్బాయి అడగనే లేదు. అమ్మాయి అడిగింది. వాళ్ల నాన్న తాను చూసి వచ్చింది, ఆ వయసు పిల్లకి చెప్పగలిగినంత, ఉన్నదున్నట్టు చెప్పారు. విని, పెట్టెలో పొడిగా మిగిలిన కాకరపువ్వొత్తులు నాగులచవితికి దాస్తానంది. దాచింది కూడా. చవితి పొద్దున్న పుట్ట దగ్గర తమ్ముడి చేత పాలు పోయించి, చలిమిడి, చిమ్మిలి, తేగలు పెట్టించి, వాడి చెవులకు పుట్టమన్ను తనే రాసింది. ఆ సాయంత్రం దాచిన పువ్వొత్తులు సగం సగం పంచుకున్నారు.

ఆ కార్తీకం మొదటి సోమవారం మామ్మ ఉపవాసం. పగలంతా పచ్చి మంచినీళ్లు ముట్టరు. చుక్క చూశాకే భోజనం. చుక్క చూసి చెప్పే పని అమ్మాయికి అప్పగించారు. ముందువాటా డాబా మీదికి ముగ్గురం ఎక్కాం. పడమట ఇంకా మబ్బు పట్టే ఉంది. కాసేపటికి అబ్బాయి, "అదిగో చుక్క!" అని ఎగిరి గంతేశాడు. అది గుడి ధ్వజస్తంభం మీది ఆకాశదీపం. "అది చుక్క కాదురా, దీపం," అంది అక్క. చీకటి ముదిరింది. కంద బచ్చలి కూర వాసన కిందినుంచి వస్తోంది. మామ్మకి ఆకలేస్తుందేమో, వచ్చేసిందని చెప్పేద్దామా అని నేనే అన్నాను. ఆ పిల్ల నావైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. "రాలేదుగా అమ్మా," అంది, అంతే. మెడ నొప్పిపుట్టేదాకా చూస్తూ నిలబడింది. చివరికి మబ్బు కాస్త విడి ఒక్క చుక్క కనపడింది. మెట్లు రెండేసి దిగుతూ, "మామ్మా, పొడిచింది!" అని పరుగెత్తింది.

మామ్మ బయటికొచ్చి ఆకాశం వైపు చూడలేదు. "పొడిచిందా అమ్మడూ," అని విస్తరి వేసుకుని కూర్చున్నారు. ఆరేళ్ల పిల్ల మాట మీద ఆవిడ తన వ్రతం నిలిపారు. ఆ నమ్మకం పిల్లకి తెలిసింది. ఆ నెల ప్రతి సోమవారం, పిలవకుండానే, సంధ్య వేళకి డాబా మీద ఉండేది. అబద్ధం ఆడకూడదని నేను దానికి విడిగా చెప్పాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

కార్తీకం చివర్లో కడియపులంకలో వీధివాళ్లందరం ఉసిరిచెట్టు కింద వనభోజనాలు చేశాం. బంతులు, చామంతులు విరగబూసి ఉన్నాయి. తిరిగొచ్చేటప్పుడు నర్సరీలో మామ్మ కొబ్బరిమొక్కలు కొన్నారు. రెండు మొక్కలు పిల్లల పేరు మీద. మామ్మతో కలిసి అందరం పల్లెకి వెళ్లాం. కూలిన మానులు ఇంకా తోటలోనే పడి ఉన్నాయి. వాటి మధ్య గోతులు తీసి నాటారు. మొక్క నిలబెట్టి పట్టుకున్నది పిల్లలే. అబ్బాయి తన మొక్కకి చెంబుతో నీళ్లు పోసి, కాయలు రేపు వస్తాయా అని అడిగాడు. "నువ్వు పెద్ద బడికి వెళ్లేసరికి వస్తాయి," అన్నారు మామ్మ. వచ్చాయి కూడా. సెలవులకు వెళ్లినప్పుడల్లా వాడు ముందు తోటలోకే వెళ్లేవాడు.

ఇప్పుడు మా అమ్మాయి హైదరాబాదులో ఇద్దరు పిల్లల తల్లి. వాళ్లని ఎలా కూర్చోబెట్టాలో తెలియడం లేదని ఒక్కోసారి ఫోన్లో అంటుంది. కూర్చోబెట్టకు అంటాను. వాళ్లు చెయ్యకపోతే ఆగిపోయే పని ఒకటి, ఎంత చిన్నదైనా సరే, వాళ్ల చేతిలో పెట్టమంటాను. పెట్టాక వెనకాలే వెళ్లి సరిచూడొద్దంటాను. మామ్మ చేసింది అదే. అంతకంటే మంచి పెంపకం నాకు తెలియదు.