పైకి కనపడదు

14 డిసెంబర్ 2023, జామ్‌నగర్
వెల్డింగు షిఫ్టు దిగి ఫోను చూశాను. పలాసలో కిడ్నీ రీసెర్చ్ సెంటరు, 200 పడకల ఆసుపత్రి ఇవాళ తెరిచారు. హిరమండలం నుంచి కిడ్నీ జబ్బుల మా ఉద్దానానికి మంచినీళ్ళ పథకం కూడా. 700 కోట్లంట. అన్నయ్యకి ఫోను చేద్దామనుకున్నాను. ఇవాళ డయాలసిస్. పడుకునుంటాడు.

19 డిసెంబర్
ఆరంగుళాల కార్బన్ స్టీల్ పైపు, షెడ్యూల్ 80. గోడ మందం 10.97 మిల్లీమీటర్లు. రూటు వెల్డింగు టిగ్‌తో, పైన 7018 రాడ్డుతో. రాడ్డు ఓవెన్లోంచి వేడిగా తీసి వాడాలి. చెమ్మ పడితే హైడ్రోజన్ లోపలికి పోతుంది. చల్లారిన ఎన్నో గంటలకి పగులు. పైకి నున్నగానే ఉంటుంది.
అన్నయ్య కిడ్నీలకీ అంతే. రక్తపరీక్ష చేసేదాకా ఏదీ తెలీలేదు.

27 డిసెంబర్
లైను హైడ్రోటెస్టు. డిజైను ప్రెషరుకి ఒకటిన్నర రెట్లు నీళ్ళు ఎక్కించారు. గేజి ముల్లు కదల్లేదు. లీవు ఇచ్చారు.

13 జనవరి 2024, అక్కుపల్లి
తిత్లీ తుఫానుకి పడిపోయిన జీడితోటల్లో కొత్త చెట్లు. అరుగు మీద నీళ్ళ క్యాన్లు. అన్నయ్య ఎడమ చెయ్యి డయాలసిస్ ఫిస్టులా దగ్గర ఉబ్బింది. "చెయ్యెట్టి చూడు" అన్నాడు. లోపల జుయ్యిమంటోంది. మాటాడలేకపోయాను.

16 జనవరి
కనుమ. పాత చేతిపంపు పైపులు పైకి లాగారు. జీఐ పైపే, జింకు పూత పోయింది. మరలున్న చోట ఉక్కు పొరలు పొరలుగా లేచి, వేలితో నొక్కితే రాలింది. ఈ నీళ్ళే తాగి పెరిగాం. ఈ జబ్బుకి నీళ్ళేనా కారణం? ఇదీ అని ఇంతవరకూ తేలలేదు.

18 జనవరి
"కొళాయి నీళ్ళు ఆగకుండా వస్తాయా బాబూ?" వదిన అడిగింది. పైపు వేస్తే సరిపోదు వదినా. పంపులు, వాల్వులు, జాయింట్లు... ఈ ఉప్పుగాలిలో ఎవరు చూసుకుంటారు?

20 జనవరి
"చిన్నాన్నా, 6జీ వెల్డింగు నేర్పవా? గల్ఫ్ ఎల్తాను." అన్నయ్య కొడుకు. 45 డిగ్రీల వంపులో బిగించిన పైపు. అది తిరగదు, చుట్టూ మనమే తిరగాలి. నేర్పుతానన్నాను. ముందు కిడ్నీలకి క్రియాటినిన్ పరీక్ష చేయించుకోమన్నాను. "నాకేటయింది?" అన్నాడు.

22 జనవరి, పలాస
నేనూ వాడూ పరీక్షకి రక్తం ఇచ్చాం. రిపోర్టు రేపు.
పరీక్ష కాని లైనులోకి నూనె వదలనివ్వరు. మా ఊళ్ళో మనిషికి మాత్రం పడిపోయాకే పరీక్ష. ఉద్దానంలో ఒంట్లో బాగున్నవాళ్ళకే ముందు పరీక్ష చెయ్యాలి. ఏటేటా చెయ్యాలి.