ముందు రేడియో, తర్వాతే విమానం

వదినగారూ, కాస్త గోడ దగ్గరికి రండి. ఇదిగో మీ గిన్నె. మీరు పంపిన చింతచిగురు పప్పుతో మా ఆయన రాత్రి రెండు ముద్దలు ఎక్కువే తిన్నారు. ఉత్త గిన్నె ఎందుకని నాలుగు మామిడికాయలు వేశాను. మా పెరటి చెట్టువే, పుల్లగా ఉంటాయి.

ఏమిటి, మీవాడి గొంతు పొద్దున్నే పైకి లేచింది? విమానానికి రిమోటా? ఒకటి నాలుగైదు వేలట, ఇంకోటి పదిహేను వేలట, లక్ష దాటేవీ ఉన్నాయట. ఏది కొనాలో వాడికీ తెలీదు, ఎందుకు కొనాలో మీకూ తెలీదు. అంతేగా! పిలవండి వాణ్ణి కూడా. ఇది నాకు ప్రాణమైన విషయం వదినగారూ. కూర పొయ్యి మీద ఉంటే సిమ్‌లో పెట్టి రండి.

డిగ్రీలో నేను ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో ఉండేదాన్నని చెప్పానుగా. అప్పుడు మేం ఎగరేసినవి రేడియో విమానాలు కావు, కంట్రోల్ లైన్‌వి. చేతిలో ఓ పిడి, దానికి రెండు సన్నటి ఉక్కు తీగలు, తీగల చివర విమానం. అది మన చుట్టూ గిరగిరా తిరుగుతుంటే దానితోపాటు మనమూ తిరగాలి. పిడి ఇటు వంచితే లేస్తుంది, అటు వంచితే దిగుతుంది. ఈథరు, కిరసనాయిలు, ఆముదం కలిపిన ఆ ఇంధనం వాసన ఇప్పటికీ నా ముక్కుకి గుర్తే. మా పెద్దాడు ఇంజనీరింగులో చేరి రేడియో విమానాలు మొదలుపెట్టాక, వాడి వెనకాల నేనూ నేర్చుకున్నాను. తీగలు లేకుండా ఎగురుతుంటే మొదటిసారి నా చేతులు వణికాయి వదినగారూ.

రా నాన్నా, రా. నువ్వూ విను.

దాన్ని రిమోట్ అంటే అమ్మకి టీవీది గుర్తొస్తుంది. టీవీ రిమోట్ మీట నొక్కినప్పుడే పనిచేస్తుంది. ఇది అలా కాదు. స్విచ్ వేసిన దగ్గర్నుంచి ఆపేదాకా, రెండు స్టిక్కులూ ఎక్కడెక్కడ ఉన్నాయో సెకనుకి పదుల సార్లు, కొన్నయితే వందల సార్లు, విమానానికి చెబుతూనే ఉంటుంది. పేరు ట్రాన్స్‌మిటర్. ఎగరేసేవాళ్ళు రేడియో అంటారు. విమానం పొట్టలో అగ్గిపెట్టె అంత రిసీవర్ ఉంటుంది. అది విన్న కబురు సర్వోలకి అందిస్తుంది. సర్వో అంటే తొమ్మిది గ్రాముల బుల్లి మోటారు పెట్టె. రెక్కల అంచునా తోక దగ్గరా ఉండే పలకల్ని అదే కదుపుతుంది.

ఒక్కో పనికి ఒక్కో చానల్. రెక్క వాల్చడానికి ఐలరాన్, ముక్కు ఎత్తడానికీ దించడానికీ ఎలివేటర్, తోక తిప్పడానికి రడ్డర్, మోటారు వేగానికి థ్రాటిల్. నాలుగుంటే విమానం ఎగురుతుంది. ఫ్లాపులూ, ముడుచుకునే చక్రాలూ కావాలంటే ఆరు. మొదటి రేడియోకి ఆరు చాలు నాన్నా. పెట్టె మీద పదహారు అని ఉంటే ఇంకో పది స్విచ్చులు వస్తాయి గాని, చెయ్యి తిరగదు.

మా వాడు చేసిన పొరపాటు నువ్వు చెయ్యకూడదనే ఇదంతా చెబుతున్నా. దాచుకున్న డబ్బంతా వాడు విమానం మీదే పెట్టేశాడు. కోరోప్లాస్ట్ షీటు తెచ్చి రెక్కలు కోసి, మోటారు, దాని వేగాన్ని అదుపు చేసే ఈఎస్‌సీ, 2200 ఎంఏహెచ్ లైపో బ్యాటరీ, అన్నీ మంచివే కొన్నాడు. రేడియోకి వచ్చేసరికి చేతిలో ఏమీ మిగల్లేదు. స్నేహితుడి దగ్గర ఒకటి ఊరికే ఉంటే అడిగి తెచ్చుకున్నాడు. అది జపాన్ నుంచి ఎవరో తెచ్చినది, మోడ్ 1.

మోడ్ అంటే ఏమిటంటావా? ఏ స్టిక్కు ఏ పని చేస్తుందనే లెక్క. మోడ్ 2లో ఎడమ స్టిక్కు మీద థ్రాటిల్, రడ్డర్. కుడి స్టిక్కు మీద ఎలివేటర్, ఐలరాన్. మోడ్ 1లో థ్రాటిల్ కుడివైపుకి, ఎలివేటర్ ఎడమవైపుకి మారిపోతాయి. జపాన్‌లో మోడ్ 1 అలవాటు ఎక్కువ. అమెరికాలో మోడ్ 2. మన దగ్గరా నేను చూసిన మైదానాల్లో అందరి చేతుల్లోనూ మోడ్ 2నే. ఏది గొప్పా ఏది తక్కువా లేదు. చెయ్యి దేనికి అలవాటు పడితే అదే.

మా వాడు విమానం వదిలాడు. ఇరవై సెకన్లలో కంగారు పుట్టి, పక్కనున్న పెద్దాయనకి రేడియో అందించాడు. ఆయన ఏళ్ళ తరబడి ఎగరేసిన మనిషి, చెయ్యి మోడ్ 2ది. విమానం ముక్కు కిందకి పడుతోంది. ముక్కు లేపుదామని ఆయన చెయ్యి అలవాటు ప్రకారం కుడి స్టిక్కు వెనక్కి లాగింది. ఆ రేడియోలో అది థ్రాటిల్. మోటారు ఆగింది. విమానం నేరుగా గట్టులో దిగబడింది. తప్పు ఆయనదీ కాదు, మావాడిదీ కాదు. నేర్పేవాడి చెయ్యీ, నేర్చుకునేవాడి రేడియో ఒక్క తీరున లేవు, అంతే. అందుకే కొట్టుకి వెళ్ళేముందు మైదానానికి వెళ్ళమంటున్నా. నీకు నేర్పేవాళ్ళు ఏ మోడ్‌లో ఎగరేస్తారో, ఏ రేడియో పట్టుకున్నారో చూడు. అదే మోడ్ తీసుకో. కుదిరితే అదే పద్ధతి రేడియో తీసుకో. అప్పుడు రెండు రేడియోలూ ట్రైనర్ కేబులుతో కలిపి బడ్డీ బాక్స్ పెట్టుకోవచ్చు. నువ్వు ఎగరేస్తుంటావు. ఆయన స్విచ్ వదిలిన క్షణంలో విమానం ఆయన చేతికి వెళ్ళిపోతుంది. కొన్ని రేడియోలకి కేబులు కూడా అక్కర్లేదు. వదినగారూ, సైకిల్ నేర్పేటప్పుడు వెనక సీటు పట్టుకుని పరిగెత్తినట్టన్నమాట.

పద్ధతి అన్నానుగా, అదేమిటో చెబుతా. వెనకటి రేడియోలకి మీటరు పొడవు ఏరియల్ ఉండేది. యూరప్‌లో 35 మెగాహెర్ట్జ్, అమెరికాలో 72. ఒక్కో రేడియోలో ఒక్కో క్రిస్టల్, అదే దాని చానల్. ఒకే చానల్ మీద ఇద్దరు స్విచ్ వేస్తే గాల్లో ఉన్న విమానం పని అయిపోయినట్టే. అందుకని మైదానంలో ఓ బోర్డు పెట్టి, దానికి చానల్ నంబరు వేసిన క్లిప్పులు తగిలించేవారు. ఆ క్లిప్పు చేతిలో ఉన్నవాడే స్విచ్ వెయ్యాలి. 2006 ప్రాంతాల నుంచి 2.4 గిగాహెర్ట్జ్ రేడియోలు వచ్చి ఆ బాధ తీర్చాయి. ఇప్పటి రేడియో ఒక్కచోట నిలబడదు. ఒక ఫ్రీక్వెన్సీ నుంచి ఇంకో ఫ్రీక్వెన్సీకి గెంతుతూ మాట్లాడుతుంది. ఆ గెంతులు ఎలా ఉంటాయో దాని రిసీవర్‌కి మాత్రమే తెలుసు.

ఈ గెంతే ఆలోచన మీద 1942లోనే ఓ పేటెంటు ఉంది, తెలుసా వదినగారూ? హెడీ లమార్ అనే సినిమా నటి, జార్జ్ ఆంథైల్ అనే సంగీతకారుడు కలిసి తీసుకున్నారు. టార్పెడోని రేడియోతో నడిపిస్తే శత్రువు అడ్డుకోకుండా ఉండాలని, పియానో మెట్లు ఎన్నున్నాయో అన్ని, అంటే 88 ఫ్రీక్వెన్సీల మీద గెంతించాలన్నారు. మన చేతిలో రేడియో నేరుగా ఆ కాగితంలోంచి దిగిరాలేదు గాని, ఆలోచన అదే. ఆ సంగతి తెలిసిన రోజున నేను ఎంత పొంగిపోయానో!

అయితే నాన్నా, ఇక్కడో మెలిక ఉంది. గెంతే తీరు కంపెనీకో రకం. ఫుటాబాది ఒకటి, స్పెక్ట్రమ్‌ది ఒకటి, ఫ్లైస్కైది ఒకటి. ఒకరి రేడియోకి ఇంకొకరి రిసీవర్ పలకదు. కాబట్టి రేడియో ధర ఒక్కటే చూడకు, దాని రిసీవర్ ఎంతో అడుగు. రేడియో ఒకసారే కొంటావు, రిసీవర్ మాత్రం విమానానికొకటి కావాలి. ఈమధ్య ఎక్స్‌ప్రెస్‌ఎల్ఆర్ఎస్ అని ఒకటొచ్చింది. ఔత్సాహికులే రాసి అందరికీ ఉచితంగా పెట్టిన పద్ధతి. చాలా కంపెనీలు దానికి రిసీవర్లు చేస్తున్నాయి, పెద్ద ఖరీదూ కావు. ఇంకోటి, మల్టీ ప్రోటోకాల్ మాడ్యూల్ ఉన్న రేడియోలు. అవి చాలా కంపెనీల భాషలు మాట్లాడతాయి.

సరే, ఏది కొనాలంటావు. అమ్మ ముందే చెబుతా. చేతిలో ఆ నాలుగైదు వేలే ఉంటే ఫ్లైస్కై ఎఫ్ఎస్-ఐ6. ఆరు చానళ్ళు, రిసీవర్‌తో సహా వస్తుంది. మన కాలేజీ పిల్లల్లో చాలామంది దాంతోనే నేర్చుకున్నారు. చెడితే చూపించడానికి, సందేహం వస్తే అడగడానికి మనుషులు దొరుకుతారు. ఇంకొంచెం ఓపిక పట్టి డబ్బు కూడబెట్టగలిగితే రేడియోమాస్టర్ బాక్సర్ లాంటిది. దానిలో ఎడ్జ్‌టీఎక్స్ అనే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. మొదట కాస్త తికమక పెడుతుంది, పట్టు దొరికాక నీ ఇష్టమొచ్చినట్టు మలుచుకోవచ్చు. స్టిక్కుల కింద హాల్ సెన్సర్లు ఉంటాయి, అయస్కాంతంతో పనిచేస్తాయి. లోపల రాసుకునే భాగం లేదు కాబట్టి ఏళ్ళు గడిచినా అరగవు. లక్ష పైనవి పోటీలకి వెళ్ళేవాళ్ళకి. వాటి జోలికి ఇప్పుడు వద్దు.

ఏది కొన్నా ఇవి ఉన్నాయో లేదో చూడు. మోడల్ మెమరీ ఉండాలి, విమానానికో పేజీ అనుకో. స్విచ్ వేస్తే పలకలు తక్కువ కదిలేలా చేసే డ్యూయల్ రేట్, ఎక్స్‌పో ఉండాలి. ఎక్స్‌పో ఉంటే స్టిక్కు మధ్యలో మెత్తగా పలుకుతుంది, కొత్త చేతి వణుకు విమానానికి అంటదు. థ్రాటిల్ కట్ స్విచ్ ఉండాలి, చెయ్యి పొరపాటున తగిలినా మోటారు తిరక్కుండా. ఆ ప్రొపెల్లర్ వేళ్ళు కోసేస్తుంది వదినగారూ, దాని దగ్గర వీణ్ణి ఒక్క క్షణం ఏమరనివ్వకండి.

అన్నిటికన్నా ముఖ్యం ఫెయిల్‌సేఫ్. సిగ్నల్ తెగితే రిసీవర్ ఏం చెయ్యాలో ముందే చెప్పి ఉంచటం. మోటారు ఆగిపోవాలని పెట్టుకోవాలి. పెట్టుకుని ఊరుకోకూడదు, ప్రొపెల్లర్ ఊడదీసి, మోటారు తిప్పుతూ రేడియో ఆపేసి, ఆగిందో లేదో కళ్ళారా చూడాలి. ఎగరేసే రోజు ముందు రేడియో స్విచ్, తర్వాత విమానం బ్యాటరీ. దిగాక ముందు విమానం బ్యాటరీ, ఆ తర్వాతే రేడియో. దీపం పెట్టేముందు కాళ్ళు కడుక్కున్నట్టు అదో నియమం. ఏరియల్ మొన విమానం వైపు చూపించకు, మొన దిక్కున సిగ్నల్ బలహీనం. పక్కకి వంచి పట్టుకో.

పది కిలోమీటర్లు అందే రేడియో ఎందుకు వద్దంటావా? కన్ను అందదు కదా నాన్నా! మీటరు రెక్కల విమానం నాలుగైదు వందల మీటర్లు పోతే ఎటు వస్తోందో ఎటు పోతోందో తెలీదు. చట్టమూ అదే చెబుతోంది. 2021 డ్రోన్ నియమాల్లో 25 కిలోల లోపు మోడల్ విమానాలకి వెసులుబాటు ఇచ్చారు, సరదాకీ చదువుకీ ఎగరేసుకోవచ్చు, కానీ కంటికి కనిపించేంత మేరలోనే. ఎగరేసే చోటు ఏ జోన్‌లో ఉందో డిజిటల్ స్కై మ్యాపులో చూసుకోవాలి. ఆకుపచ్చ జోన్‌లో నాలుగు వందల అడుగుల దాకా అనుమతి అక్కర్లేదు.

ఇక అసలు మాట. విమానం ఏదో ఒకరోజు పడుతుంది. అతుకుతావు, మళ్ళీ పడుతుంది, ఇంకోటి కడతావు. రేడియో మాత్రం నీ చేతిలోనే ఉంటుంది. మా వాడు ఆ తర్వాత కొన్న రేడియోతో ఎన్ని విమానాలు కట్టాడో నాకే లెక్క లేదు. వాడు ఉద్యోగానికి పోతూ దాన్ని నాకిచ్చి వెళ్ళాడు. ఇప్పటికీ అందులో మోడల్ పేజీలు తిప్పుతుంటే విరిగిపోయిన విమానాలన్నీ పేర్లతో కనిపిస్తాయి. అందుకే ముందు రేడియో, తర్వాతే విమానం. రేడియో చేతికొచ్చిందంటే విమానం లేకపోయినా నేర్చుకోవచ్చు. కేబులుతో కంప్యూటర్‌కి తగిలించి సిమ్యులేటర్ పెట్టుకో. విమానం మనవైపు వచ్చేటప్పుడు ఎడమ కుడి తారుమారవుతాయి, కొత్తవాళ్ళ విమానాలు చాలావరకు పడేది అక్కడే. కిందకి వాలిన రెక్క ఏ వైపుందో ఆ వైపుకి స్టిక్కు నెట్టు, వాలే గోడకి కర్ర ఆనించినట్టు. సిమ్యులేటర్‌లో వందసార్లు పడేసుకో, పైసా ఖర్చు లేదు.

ఉండండి వదినగారూ, ఒక్క నిమిషం... ఇదిగో నాన్నా, అందుకో. రెండు చేతుల్తో పట్టుకో. మోడ్ 2. బొటనవేళ్ళు స్టిక్కుల మీద ఆనించు. కొందరు బొటనవేలూ చూపుడువేలూ కలిపి చిటికెపట్టు పడతారు, అదీ చూడు, నీ చేతికి ఏది హాయో నీకే తెలుస్తుంది. కేబులు సంచిలో ఉంది. నెల్లాళ్ళు నీ దగ్గరే ఉంచుకుని సిమ్యులేటర్ మీద తిప్పు. తర్వాత ఏది కొనాలో నువ్వే అమ్మకి చెబుతువుగాని, అమ్మ కాదనదు. కాదంటారా వదినగారూ?

ఈ ఆదివారం ఊరి బయట బయలుకి వెళ్తున్నాం. మినుములు పీకేశారు, చేలు కూడా ఖాళీగా ఉన్నాయి, పడినా పైరు పాడవదు. ఆ పెద్దాయన వస్తారు, ఈసారి ఇద్దరి చేతుల్లోనూ మోడ్ 2నే. అయిదున్నరకల్లా వచ్చి తలుపు తట్టు. ఎండెక్కితే గాలి లేస్తుంది.