రెండో తొవ్వ

కిందటి నెల మా పాపకు సోషల్ టీచర్ ఒక ప్రాజెక్టు ఇచ్చారు. పుట్టినప్పటి నుంచి ఇప్పటి దాకా ఏడాదికి ఒక ఫొటో చొప్పున చార్టు మీద అంటించాలి, పక్కన రెండేసి వాక్యాలు రాయాలి. ఎనిమిదో తరగతి పిల్లలున్న మీ ఇళ్లలో కూడా ఈ గమ్ము, కత్తెర గొడవ జరిగే ఉంటుంది. మా ఇంట్లో చార్టు మీద ఐదు గడులు ఖాళీగా మిగిలాయి. 2013 నుంచి 2017 దాకా. పాప కాసేపు ఆ గడుల వైపు చూసి, "ఈ ఐదేండ్లు నేను ఎక్కడున్న డాడీ?" అని అడిగింది.

చుట్టాల ఫోన్లన్నీ వెతికించి రెండు గడులు నింపాం. ఒకటి ఎవరిదో పెళ్లి ఫొటో, మా పాప మూలన సగమే కనిపిస్తుంది. మిగతా మూడు గడుల్లో ఏం రాయాలో టీచర్‌ను అడుగుదామంది. అడగడానికి ముందు సంగతేమిటో నేనే దానికి చెప్పాల్సి వచ్చింది. అదే మీకూ చెబుతున్నాను.

2022 జులై వరదలు మంచిర్యాల వాళ్లెవరూ మరిచిపోరు. ఎగువన కడెం ప్రాజెక్టు మీది నుంచి నీళ్లు పొర్లుతున్నాయని టీవీలో చూస్తుండగానే ఇక్కడ గోదావరి పొంగింది, రాళ్లవాగు నీళ్లు వెనక్కి తన్ని కాలనీల్లోకి వచ్చాయి. మాతాశిశు ఆసుపత్రిలో బాలింతలను, పసిపిల్లలను వేరేచోటికి తరలించిన రోజులవి. మేం అప్పుడు వాగుకు దగ్గర్లో, కింది అంతస్తులో ఉండేవాళ్లం. ఉన్న గంటసేపట్లో బియ్యం బస్తా, గ్యాస్ సిలిండర్, సర్టిఫికెట్ల ఫైలు సజ్జ మీదికి ఎక్కించాం. కంప్యూటర్ గుర్తుకు రాలేదనను, గుర్తొచ్చింది. "కాపీ ఉంది కదా" అనుకున్నాను. నిజంగానే ఉంది. బయటి హార్డ్‌డిస్కులో, ఆరు నెలలకోసారి గుర్తున్నప్పుడు ఎక్కించిన కాపీ. ఆ హార్డ్‌డిస్కు అదే కంప్యూటర్ టేబుల్ కింది సొరుగులో ఉంది.

నీళ్లు తీశాక రెండింటినీ బురదలోంచి ఏరి, కడిగి, ఎండలో ఆరబెట్టి, స్విచ్ వేశాను. అది అస్సలు చేయకూడని పనట. తడిసిన డిస్కుకు కరెంటు ఇవ్వకూడదు, ఆరబెట్టనూ కూడదు. తడి మీదే కవర్లో చుట్టి డేటా తీసేవాళ్లకు పంపాలి. నేను ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం నడిపేవాణ్ని. తడిసిన మోటారుకు స్విచ్ వేయొద్దని రోజుకు నలుగురికి చెబుతాను.

ఫొటోలు పోతే పోయాయి. మా అమ్మ గొంతు పోయింది. ఆమె 2019లో చనిపోయింది. పాపకు రాత్రిళ్లు కథలు చెప్పేది, బతుకమ్మ పాటలు పాడేది. ఫోన్లో రికార్డు చేసి, ఫోను నిండగానే కంప్యూటర్లోకి మార్చి, ఫోన్లోంచి తీసేసేవాణ్ని. అన్నీ కలిపి గంటల కొద్దీ ఉండేవి. ఇప్పుడు మిగిలింది 40 సెకన్ల ముక్క ఒక్కటే. అది కూడా ఎప్పుడో మా అక్కకు వాట్సాప్‌లో పంపాను కాబట్టి ఆమె ఫోన్లో బతికింది.

మా బాపు శ్రీరాంపూర్ ఏరియాలో అండర్‌గ్రౌండ్‌లో పని చేసి రిటైరయ్యాడు. బురదంతా కడిగిన రోజు సాయంత్రం ఆయన ఒక్క మాటే అన్నాడు. "బొగ్గు బాయికి సుత రెండు తొవ్వలుంటయిరా. నువ్వు రెండు తొవ్వలు ఒక్క దర్వాజల్నే పెట్టినవు."

అది నాకు అప్పట్లో దెప్పిపొడుపులాగే వినిపించింది. తర్వాత చదివితే తెలిసింది, ఆ రెండు తొవ్వల వెనక పెద్ద కథే ఉంది. 1862 జనవరిలో ఇంగ్లండులోని హార్ట్‌లీ బొగ్గుగనిలో నీళ్లు తోడే ఇంజిను దూలం విరిగి గని నోట్లో పడింది. గనికి ఉన్నది ఆ ఒక్క నోరే. లోపలున్న 204 మంది చనిపోయారు. అదే ఏడాది అక్కడ చట్టం తెచ్చారు, ప్రతి గనికి రెండు దారులు ఉండాలని. మన దేశంలో కూడా గనుల నిబంధనలు అదే చెబుతాయి. అంతేకాదు, రెండు దారులూ ఒకదాన్నొకటి అంటుకొని ఉండకూడదు, మధ్యలో దూరం ఉండాలి. నా హార్డ్‌డిస్కుకు, కంప్యూటర్‌కు మధ్య దూరం రెండు జానలు.

2023లో పై అంతస్తు ఇంటికి మారాక ఒక నాస్ పెట్టె కొన్నాను. నాస్ అంటే ఇంటి వైఫైకి తగిలించి ఉంచే డబ్బా. లోపల రెండు హార్డ్‌డిస్కులు ఉంటాయి. ఇంట్లో అందరి ఫోన్లలోని ఫొటోలు, పిల్లల ప్రాజెక్టులు, నా దుకాణం లెక్కలు వాటంతట అవే వచ్చి అందులో చేరతాయి. "నాస్ వచ్చింది బాపూ" అంటే, "నస్పూర్ల దొరుకుతదా?" అన్నాడు. ఇప్పటికీ మా ఇంట్లో దాని పేరు నస్పూర్ డబ్బానే.

గూగుల్ ఉంది కదా, ఇదంతా ఎందుకని మీరు అడగవచ్చు. అది కూడా మంచి దారే, మేమూ కొంత వాడతాం. కానీ 2021 జూన్ నుంచి ఫొటోలు కూడా ఉచిత 15 జీబీ లెక్కలోకే వస్తున్నాయి, ఆ పైన నెల నెలా కట్టాలి. మాకు వీడియోలతో కలిపి ఒక టెరాబైట్ దాకా ఉంది.

డబ్బాలో రెండు డిస్కులు ఒకే సమాచారాన్ని రాసుకుంటాయి. ఒకటి చెడిపోతే రెండోది నడిపిస్తుంది. దీన్ని రెయిడ్ అంటారు. ఇక మనకు బెంగ లేదనుకున్నాను. మళ్లీ అదే తప్పు. డిస్కు చెడిపోవడం ఒక్కటే ప్రమాదమైతే రెయిడ్ చాలు. నీళ్లొస్తే, దొంగ ఎత్తుకుపోతే, పిడుగు పడితే రెండు డిస్కులూ కలిసే పోతాయి.

అందుకని దుకాణంలోని పాత కంప్యూటర్‌కు, ఈ డబ్బాకు సింక్ పెట్టాను. ఇక్కడ ఏది మారితే అక్కడా అదే మారుతుంది. చాలా సంతోషపడ్డాను. నాలుగో తరగతి చదివే మా బాబు ఒక ఆదివారం ఏదో గేము కోసం చోటు చేద్దామని నా బిల్లుల ఫోల్డర్ మొత్తం డిలీట్ చేశాడు. రెండు నిమిషాల్లో దుకాణంలో కూడా అది మాయమైంది. సింక్ తన పని తాను చక్కగా చేసింది! నాస్‌లో చెత్తబుట్ట ఆన్ చేసి ఉండబట్టి ఆ ఫోల్డర్ దొరికింది, లేదంటే ఆ ఏడాది జీఎస్టీ లెక్కలకు దేవుడే దిక్కు. వాణ్ని తిట్టలేదు. తిట్టాల్సింది నన్నే. సింక్ అంటే అద్దం, అది కాపీ కాదు. నిన్నటి రూపం, పోయిన నెల రూపం కూడా దాచి ఉంచేదే అసలైన బ్యాకప్.

అప్పుడు బాపు మాట మళ్లీ గుర్తొచ్చింది. రెండో డబ్బా ఎక్కడ పెట్టాలి? ముందు గోదావరిఖనిలో మా బామ్మర్ది ఇల్లు అనుకున్నాం, దగ్గర కదా అని. అదీ గోదావరి ఒడ్డు ఊరే. చివరికి కరీంనగర్‌లో అక్క వాళ్ల ఇంట్లో, రెండో అంతస్తులో పెట్టాం. బావ మొదట ఒప్పుకోలేదు, కరెంటు బిల్లు ఎంత వస్తుందోనని. చిన్న బల్బంత కాలుతుందని లెక్క వేసి చూపిస్తే సరేనన్నాడు. పైగా వాళ్ల ఫొటోలు మా దగ్గర, మావి వాళ్ల దగ్గర అన్నది ఒప్పందం.

ఇలాంటిది పెట్టుకోవాలనుకునే వాళ్లకు నేను దెబ్బ తిని నేర్చుకున్న రెండు మూడు విషయాలు చెబుతాను. మొదటి కాపీని ఇంటర్నెట్ మీద పంపకండి. మా లైన్లో పైకి వెళ్లే వేగం 20 ఎంబీపీఎస్. ఒక టెరాబైట్ వెళ్లాలంటే ఆపకుండా నాలుగున్నర రోజులు పైనే పడుతుంది, మన కరెంటు సంగతి తెలిసిందే. రెండు డబ్బాలనూ ఒకే ఇంట్లో పక్కపక్కన పెట్టి వైరుతో కలిపితే మూడు గంటల్లో అయిపోయింది. తర్వాత రెండో డబ్బాను చీరల మధ్య చుట్టి కారులో కరీంనగర్ తీసుకెళ్లాం. ఇప్పుడు ప్రతి రాత్రి ఒకటిన్నరకు మారిన ముక్కలు మాత్రమే వెళ్తాయి. ఈ పని చేసే ఆర్‌సింక్ అనే ప్రోగ్రామును 1996లో ఆస్ట్రేలియాలో ఇద్దరు రాశారు. పెద్ద ఫైలులో ఒక చిన్న భాగం మారితే మొత్తం పంపకుండా ఆ భాగాన్నే పంపడం దాని తెలివి. మా ఇంట్లో చాలా రాత్రులు ఐదారు నిమిషాల్లో పని ముగుస్తుంది.

ఇంకొకటి, దీన్ని నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి పెట్టొద్దు. 2022లో డెడ్‌బోల్ట్ అనే వైరస్ అలా తెరిచి పెట్టిన ఇంటి నాస్ పెట్టెల్లో దూరి, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. రెండు ఇళ్ల మధ్య వీపీఎన్ దారి ఒకటి వేసుకుంటే బయటివాళ్లకు తలుపే కనిపించదు. మేం టెయిల్‌స్కేల్ వాడుతున్నాం, ఇంటి వాడకానికి ఉచితమే. అలాగే మా ఇంటి డబ్బా అక్కడికి పంపదు. అక్క ఇంటి డబ్బాయే వచ్చి తీసుకుపోతుంది. అక్కడి తాళంచెవి ఇక్కడ లేదు. మా కంప్యూటర్‌కు ఏ రోగం వచ్చినా, మా బాబుకు మళ్లీ ఏ గేము పిచ్చి పట్టినా కరీంనగర్ కాపీని ఇక్కడి నుంచి ఎవరూ చెరపలేరు. అక్కడ వారం రోజుల రోజువారీ రూపాలు, నెల రోజుల వారపు రూపాలు, ఏడాది పాటు నెలవారీ రూపాలు ఉంటాయి.

యూపీఎస్ తప్పనిసరి. దుకాణదారుడు అమ్ముకోవడానికి చెబుతున్నాడనుకోకండి, కరెంటు గుక్క తిప్పుకోకుండా పోయే ఊళ్లో డిస్కులకు అదే ప్రాణం. మన దగ్గర బొగ్గు దుమ్ము కూడా ఉంది. నెలకోసారి ఫ్యాను జాలీని బ్రష్షుతో దులపకపోతే మే నెలలో డబ్బా ముట్టుకోలేం.

కొత్త డబ్బాలు కొనే స్తోమత లేకపోతే మానేయాల్సిన పని లేదు. మూలన పడ్డ పాత కంప్యూటర్‌లో ఓపెన్ మీడియా వాల్ట్ వేస్తే అదే నాస్. అదీ వద్దంటే రెండు హార్డ్‌డిస్కులు కొని, ఒకటి ఎప్పుడూ చుట్టాల ఇంట్లో ఉంచి, పండక్కి పోయినప్పుడల్లా మార్చుకు రావచ్చు. పిల్లల మెమోలు, కులం సర్టిఫికెట్లు, టీసీలు స్కాన్ చేసి ఉంచడానికి అదే ఎక్కువ.

అంతా పెట్టాక కూడా ఒకసారి దెబ్బ తిన్నాం. బ్యాకప్ తప్పితే నాకు మెయిల్ రావాలని పెట్టాను. కొన్ని నెలలు ఒక్క తప్పూ రాలేదు. దీపావళికి అక్క వాళ్లింటికి పోతే డబ్బా లైట్లు వెలగడం లేదు. దసరాకు సకినాల పిండి పట్టేటప్పుడు మిక్సీ కోసం ప్లగ్గు తీశారట, మళ్లీ పెట్టడం మరిచారు. 23 రోజులు. నాకు మెయిల్ ఎందుకు రాలేదంటే, తప్పిందని చెప్పాల్సిన డబ్బాయే పడుకుంది. మెయిల్ రాకపోతే అంతా బాగున్నట్టు లెక్కేసుకున్నాను.

బాపుకు చెబితే ల్యాంప్ రూము సంగతి చెప్పాడు. షిఫ్టుకు దిగే ప్రతి మనిషి క్యాప్ ల్యాంపు తీసుకొని దిగుతాడు, పైకొచ్చాక అప్పగిస్తాడు. "ఎన్ని దీపాలు లోపలికి పోయినయో కాదు బిడ్డా సూసేది. ఎన్ని తిరిగొచ్చినయి అని. ఒక్క దీపం రాకుంటే షిఫ్టు దిగినట్టు కాదు." ఇప్పుడు మా ఇంటి డబ్బాకే ఆ పని అప్పగించాను. మూడు రాత్రులు వరసగా కరీంనగర్ నుంచి ఎవరూ రాకపోతే అదే నాకు మెసేజ్ పెడుతుంది.

ల్యాంప్ రూము క్లర్కు మాత్రం మా పాప. ప్రతి నెలా మొదటి ఆదివారం కరీంనగర్ డబ్బాలోంచి తనకు నచ్చిన ఫైలు ఒకటి వెనక్కి తెచ్చి, తెరుచుకుంటుందో లేదో చూసి, నోటుబుక్కులో తారీఖు వేసి రాస్తుంది. ఇప్పటికి ఏడు ఆదివారాలు. ఒకసారి తెచ్చిన వీడియో తెరుచుకోలేదు. చూస్తే అసలుదే చెడిపోయి ఉంది, పాత నెల రూపంలోంచి మంచిది దొరికింది. ఆ రోజు ఎర్ర పెన్నుతో రాసింది.

చార్టులో మిగిలిన మూడు గడుల గురించి టీచర్‌ను అడిగితే, ఉన్నదున్నట్టు రాయమన్నారట. పాప మూడింట్లోనూ నీలం స్కెచ్‌తో అలలు వేసి, కింద "గోదావరి, జులై 2022" అని రాసింది.

ఈ నెల మొదటి ఆదివారం తను వెనక్కి తెచ్చింది నానమ్మ పాట, ఆ 40 సెకన్లది. బాపు వాకిట్లో పేపరు చదువుతున్నాడు. పాట సగంలో ఉండగా కుర్చీ తెచ్చుకొని గదిలోకి వచ్చాడు.

"ఇంకోపారి పెట్టు" అన్నాడు. "జర సౌండు పెంచు."