రెండు రూపాయల బియ్యం, నాలుగు పొయ్యిలు

కోదాడ దగ్గర మా తాత ఇంట్లో ఎందరం ఉండేవాళ్లమంటే, నాయనమ్మ తలల లెక్క చెప్పేది కాదు. "పూటకు మూడు మానికెల బియ్యం" అనేది. నలుగురు కొడుకులు, కోడళ్లు, పిల్లలం, ఎండాకాలమైతే మేనత్తలూ వాళ్ల పిల్లలూ. అందరికీ ఒక్కటే గూనపెంకుల ఇల్లు.

1967 ఆగస్టులో సాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదిలారు. కాలువ కింద జొన్న చేలు వరి మళ్లయ్యాయి. కృష్ణా, గుంటూరు జిల్లాల రైతులు అక్కడి ఎకరం అమ్ముకుని ఇక్కడ అంతకు రెట్టింపు కొనుక్కుని వచ్చారు. వాళ్ల డాబాలతో ఊరు పెరిగింది. జనం వస్తే ఇళ్లు పెరగడంలో వింతేముంది? మా ఇంట్లో మాత్రం జనం అంతే ఉండి కాపురాలు పెరిగాయి.

వేరుపడటమంటే తోడికోడళ్ల కొట్లాటే అనుకుంటారు. మా ఇంట్లో దానికి ముహూర్తం పెట్టింది రేషన్ కార్డు. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చారు. మనిషికి నెలకు 5 కిలోలు, కానీ కార్డుకు ఎందరున్నా 25 కిలోలే. ఒకే కార్డు మీద ఉంటే మాకు వారానికి కూడా చాలవు. పొయ్యిలు నాలుగయ్యాయి, కార్డులూ నాలుగయ్యాయి. కూరగిన్నెలు మాత్రం అటూ ఇటూ తిరుగుతూనే ఉండేవి.

తర్వాత నాయిన ఉద్యోగం కోసం సూర్యాపేటలో కిరాయికి దిగాం. ఇల్లుగలాయన మొదట అడిగింది "పిల్లలెందరు?" అని. "ఇద్దరే, ఆపరేషన్ అయింది" అని అమ్మ గర్వంగా చెప్పడం నాకు గుర్తు. ఆమె ఒక్కతే కాదు, ఆ తరం ఆడవాళ్లంతా అదే దారి పట్టారు. 1992-93 సర్వే నాటికే ఉమ్మడి రాష్ట్రంలో సగటున ఒక్కో ఆడమనిషికి 2.6 మంది పిల్లలు. 2019-21 నాటికి తెలంగాణలో అది 1.8. పిల్లలు తగ్గేకొద్దీ చీటీ కట్టడానికి, ప్లాటు కొనడానికి చేతిలో నాలుగు రాళ్లు మిగిలాయి. హైవే పక్క కొత్త కాలనీల్లో సగం ఇళ్లు ఇద్దరు పిల్లల ఇళ్లే.

ఇక మా చిన్నత్త కథ. ఎన్టీఆర్ ప్రభుత్వమే తెచ్చిన చట్టం ప్రకారం 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా. అప్పటికే పెళ్లయిన ఇద్దరు మేనత్తలకు రాలేదు. చిన్నత్తకు వచ్చింది, నోరు తెరిచి అడిగింది కూడా. ఊరు ముక్కున వేలేసుకుంది, పెద్దనాయన రెండేళ్లు మాట్లాడలేదు. ఆమె మాత్రం వాటా అమ్మిన డబ్బుతో మిర్యాలగూడలో తన పేరు మీద ఇల్లు కట్టుకుంది. మా వంశంలో ఆడమనిషి పేరున రిజిస్టరైన మొదటి ఇల్లు అదే. నాకు మా తాత ఇంటికన్నా దాని మీదే గౌరవం ఎక్కువ.

ఇప్పుడు ఆ ఇంటి పైఅంతస్తులో రైసుమిల్లులో పనిచేసే బిహార్ హమాలీలు ఉంటున్నారు, అర్రకు ఆరుగురు. సాయంత్రం ఒకే పొయ్యి మీద రొట్టెలు. "ఫ్యామిలీకియ్యరాదా అత్తా?" అంటే, "ఫ్యామిలీ అంటే ఇప్పుడు ముగ్గురేనాయె, బేరాలు మాత్రం పదిమందివి" అంది.

ఆమె ఒక్కగానొక్క కొడుకు డాలస్‌లో ఇల్లు కొన్నాడు, ముప్పై ఏళ్ల అప్పు మీద. మిర్యాలగూడది అమ్మేసి వచ్చెయ్యమని పోరుతున్నాడు. "నా ఇల్లు అమ్ముకొని బ్యాంకోళ్ల ఇంట్ల ఉండాల్నా?" అంటుంది అత్త.