మా యింట్లో మాయాబజార్

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇంట్లో సినిమా హాలు కట్టి చూడమని వాళ్ళు అనకపోవడం వాళ్ళ తప్పు కాదు. ఆ రోజుల్లో ఆ అవస్థ లేదు. ఆ లోటు నేను పూరిస్తున్నాను.

నేను కాలేజీలో తెలుగు చెప్పుకుని బతికేవాణ్ణి. గణాలు లెక్కపెట్టడం వచ్చు గాని, ల్యూమెన్లు లెక్కపెట్టడం నాకెవరూ నేర్పలేదు. అటువంటివాణ్ణి టేపు పట్టుకుని గోడలు కొలుస్తూ తిరగడానికి కారణం మా అమ్మ.

అమ్మకు డెబ్భయ్యారేళ్ళు. 1957లో వచ్చిన మాయాబజార్‌ను ఆ మరుసటి యేడో, ఆ పై యేడో, కాలవ గట్టున వేసిన టూరింగు టాకీసు డేరాలో తాతయ్య పక్కన నేల మీద కూర్చుని చూసిందట. రీలు మార్చినప్పుడల్లా దీపాలు వెలిగేవనీ, అప్పుడు తాతయ్య వేయించిన వేరుశనక్కాయలు ఒలిచి పెట్టేవాడనీ ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. ఇప్పుడు ఆవిడ మోకాళ్ళు హాలు మెట్లెక్కనివ్వవు. టీవీలో వేస్తే, “మనుషులు చీమల్లా ఉన్నారు నాయనా! ఘటోత్కచుడు కూడా అంతేనా?” అంటుంది. రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషను అయింది. ఆ కళ్ళు చూడగలిగినన్నాళ్ళన్నా ఘటోత్కచుణ్ణి ఘటోత్కచుడంతగా చూపిద్దామనిపించింది. అదీ మొదలు.

ఇంట్లో ఒక గది ఉంది. పొడుగు 11 అడుగులు, వెడల్పు 10. సినిమాకు అదే తగినదని తేల్చాను. మా కాలేజీలో ఫిజిక్సు చెప్పే మిత్రుడొకాయన నాకు గురుత్వం వహించాడు. ఆయన చెప్పిన మొదటి పాఠం ఇది: ప్రొజెక్టరు కొనబోయే ముందు గదిని కొలవాలి. కటకం నుంచి తెర దాకా ఉన్న దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగిస్తే వచ్చే అంకెను త్రో రేషియో అంటారు. మామూలు ప్రొజెక్టర్లలో అది ఒకటిన్నర ప్రాంతంలో ఉంటుంది. 11 అడుగుల గదిలో ప్రొజెక్టరుకూ, వెనక తీగెలకూ, వేడిగాలి పోవడానికీ ఒక అడుగు వదిలితే మిగిలేది 10 అడుగులు, అంటే 120 అంగుళాలు. ఒకటిన్నరతో భాగిస్తే బొమ్మ వెడల్పు 80 అంగుళాలు. ఈ రోజుల బొమ్మ 16కు 9 పాళ్ళలో ఉంటుంది గనుక ఎత్తు 45. ఇంతకు మించి ఆశపడితే గోడ పగలగొట్టాలి, లేదా గోడ పక్కనే కూర్చుని బొమ్మ వేసే ఖరీదైన రకం కొనాలి.

“అయితే పాతచిత్రాలకు ఒక సంగతుంది,” అన్నాడాయన. మాయాబజార్ నాటి బొమ్మ ఇంచుమించు 4కు 3 పాళ్ళది. వెడల్పు తెర మీద వేస్తే రెండు పక్కలా నల్లపట్టీలు మిగులుతాయి. వాటిని చూసి చిరాకుపడి బొమ్మను సాగదీస్తే శశిరేఖ కూడా ఘటోత్కచుడి చెల్లెల్లా తయారవుతుంది. కాబట్టి పాత చిత్రానికి ముఖ్యం తెర ఎత్తు గాని, వెడల్పు కాదు.

తరవాత వెలుగు సంగతి. బజారులో ఒక పెట్టె మీద వేలకు వేలు ల్యూమెన్లని రాసి ఉంటే పొంగిపోయి వచ్చాను. మిత్రుడు నవ్వాడు. తెరను తొమ్మిది గళ్ళు చేసి, ఒక్కొక్క గడిలో వెలుగు కొలిచి, సగటు కట్టి చెప్పే లెక్క ఒకటుందిట. దాన్ని ఏ.ఎన్.ఎస్.ఐ. ల్యూమెన్లంటారు. పెట్టె మీద ఆ మాట లేకపోతే ఆ అంకెను కవిసమయంగా భావించమన్నాడు. నిజానికి సినిమా హాళ్ళలో చదరపు అడుగుకు సుమారు 16 ల్యూమెన్లు పడాలని లెక్క. నా తెర వైశాల్యం 25 చదరపు అడుగులు. అంటే గది చీకటిగా ఉంటే 400 నిజమైన ల్యూమెన్లు చాలు!

కాని ఆ “చీకటిగా ఉంటే” అన్నదే అసలు చిక్కు. ప్రొజెక్టరు వెలుగును వెయ్యగలదు గాని, నలుపును వెయ్యలేదు. తెర మీద మనకు కనిపించే నలుపు వెలుగు పడని తెల్లగుడ్డే. గదిలోకి ఎండపొడ వస్తే ఆ నలుపు బూడిదరంగవుతుంది. మార్కస్ బార్ట్లే తీసిన ఆ వెన్నెల, ఆ నీళ్ళు, ఆ పడవ — చుట్టూ చీకటి లేకపోతే వెన్నెలకు విలువేముంది?

అందుచేత తూర్పు గోడకున్న కిటికీని ఇటికలతో మూసెయ్యాలని నిశ్చయించాను. ఆ గోడ నునుపైనది. దాని మీదే తెర. పడమటి గోడకు అలమరలు ఉన్నాయి గనుక అటు సోఫా. గళ్ళ కాగితం తెచ్చి, పెన్సిలు చెక్కి, అడుగుకు ఒక గడి చొప్పున పటం గీశాను. ప్రొజెక్టరును కప్పుకు వేలాడదీస్తే నడుమనున్న ఫ్యాను రెక్కలు వెలుగుకు అడ్డొచ్చి, బొమ్మ మీద గాలిమర నీడ తిరుగుతుందని కనిపెట్టి, ఫ్యాను మార్చడానికి కూడా ఒక గీత గీశాను. ప్రొజెక్టరులోని చిన్న స్పీకరు వెనకనుంచి మాట్లాడితే, ఎదుటనున్న కృష్ణుడు మన వీపు వెనక పలికినట్టుంటుందని, తెర కింద వేరే స్పీకర్లకు చోటు పెట్టాను. పటం చూసుకుని నాకే ముచ్చటేసింది.

ఆ సాయంత్రం అమ్మ కళ్ళజోడు పెట్టుకుని ఆ కాగితం దగ్గరగా పట్టుకుంది.

“ఈ గుండ్రందేవిట్రా?”

“ఫ్యానమ్మా.”

“ఇదీ?”

“సోఫా.”

“మరి నా మంచం ఎక్కడ రాశావు నాయనా?”

నాకు నోట మాట రాలేదు. ఆ గది అమ్మది. ఆ తూర్పు కిటికీ కిందే ఆవిడ మంచం. నాన్నగారు పోయి ఆరేళ్ళయింది. నాటినుంచి ఆ కిటికీయే ఆవిడకు తోడు. పాలవాడి సైకిలు, బడిపిల్లల అల్లరి, పూలమ్మి కేక — ఊరు ఆ చువ్వల్లోంచే ఆవిడ దగ్గరకు వస్తుంది. నా పటంలో తీగెలకు చోటుంది, వేడిగాలికి చోటుంది, అమ్మకు లేదు.

“హాల్లో వేస్తావు కాబోలు. పోనీలే, ఎక్కడైనా పడుకోవడమేగా. ఆ కిటికీ ఒక్కటే...” అని ఆగిపోయి, కాగితం మడిచి నా చేతికిచ్చింది.

ఆ రాత్రి మా ఆవిడ అంది: “ఏమండీ, అత్తయ్యగారి కోసం అని ఊరంతా చెప్పారు. ఆవిడ్ని ఒక్కసారైనా అడిగారా?” అడగలేదు. జవాబూ చెప్పలేదు.

మర్నాడు కొత్త కాగితం తీశాను. ఈసారి మొదట గీసింది మంచం. తక్కినవన్నీ దాన్నిబట్టి కదిలాయి. తెర పడమటికి మారింది. అలమర తలుపులు తెరుచుకోవాలి గనుక, గోడకు అడుగు ఇవతల పైనుంచి చుట్టవిప్పి దించే తెర. ప్రొజెక్టరు కిటికీకి పైన బల్ల మీద, నేలకు 7 అడుగుల ఎత్తున. ఫ్యాను అంతకంటే పైనే ఉంది గనుక దాన్ని కదపనక్కర్లేదు. చాలా రకాల్లో తలకిందులుగా బిగిస్తే బొమ్మ కటకం మట్టానికి దిగువన పడుతుంది. వంచి వేస్తే పలక చెదిరి, దాన్ని సరిచెయ్యబోతే బొమ్మలో పదును పోతుంది. కాబట్టి తిన్నగానే పెట్టాలి. అమ్మ తలకు పైనే ఉంటుంది గనుక రొద తక్కువ చేసేది ఎంచాలి. ఆవిడ మంచం మీద కూర్చుంటే కళ్ళు బొమ్మ కింది మూడోవంతుకు సూటిగా ఉండాలి. తెర అడుగంచు నేలకు రెండున్నర అడుగులుంటే సరి. తెరకూ ఆవిడకూ నడుమ 8 అడుగులు. కిటికీకి ఇటికల బదులు రెండు పొరల దళసరి తెర. సినిమా రాత్రి పూటే.

దూరం 9 అడుగులకు తగ్గింది. బొమ్మ వెడల్పు 72 అంగుళాలు, ఎత్తు 40 చిల్లర. ఎనిమిది అంగుళాలు పోయాయి. పోతే పోయాయి.

కొనేముందు ఒకసారి చూద్దామని శనివారం రాత్రి మిత్రుడు తన ప్రొజెక్టరు తెచ్చాడు. తెర ఏదీ అని నేను దుప్పటి వెతుకుతుంటే, అమ్మ పెట్టె తీసి నాన్నగారి పంచె ఇచ్చింది. నాలుగు గజాల పంచె; వెలుగు అవతలికి పోకుండా మధ్యకు మడిస్తే రెండు గజాలు — సరిగ్గా 72 అంగుళాలు. అడుగు అంచుకు అట్లకాడా, చపాతీ కర్రా కట్టి బిగువు తెచ్చాం.

“నాన్నా, దీనికి రంగులు వేసిన ప్రతి 2010లో వచ్చిందిగా, అది వెయ్యనా?” అంది మా అమ్మాయి.

“వద్దే, మేం చూసింది ఇదే,” అంది వాళ్ళ నాయనమ్మ.

ప్రియదర్శిని పెట్టె తెరిచిన చోట అమ్మ ముందుకు వంగింది. తెరిచినవాళ్ళకు ఎక్కువ ఇష్టమైనవాళ్ళు కనిపించే పెట్టె అది. నేను తెరవంక చూడలేదు. మా ఆవిడ వేరుశనక్కాయలు ఒలిచి అమ్మ చేతిలో పెడుతోంది.

ఘటోత్కచుడు వచ్చాడు. పంచె నిండా నిలబడ్డాడు. “ఇదుగో, ఇప్పుడు ఉన్నంత ఉన్నాడు,” అంది అమ్మ.

చిత్రం అయ్యేసరికి అర్ధరాత్రి దాటింది. దీపం వెయ్యబోయాను.

“దీపం ఎందుకురా, ఆ కిటికీ తెర తియ్యి. గాలి రానీ.”

తీశాను. వీధిదీపం వెలుగు వచ్చి మంచం మీద పడింది.